కూడికకు కొన్న మేకపోతు

ఒంటి మీద చేతులు ఆనించి చేసే రేకీ వైద్యం నేర్చుకున్న కొత్తలో నా అరచేతుల్లో ఎంత వేడి పుట్టేదంటే, నేను నమస్కారం పెడితే ఎదుటివాళ్లు గొడుగు తెరిచేవారు. మా ఆవిడ మాత్రం "అంత వేడుంటే ఆ పాలగిన్నె మీద పెట్టు, గ్యాసన్న మిగుల్తది" అని నా దివ్యశక్తిని వంటింటి గడపలోనే ఆపేసింది. మనుషులెవరూ నన్ను నమ్మలేదు. కుక్కలు నమ్మాయి. కొత్తగూడెం క్వార్టర్లలో ఏ ముసలి కుక్కో, లేవలేని పిల్లో ఉంటే నన్ను పిలిచేవారు. వెళ్లి దాని ఒంటి మీద తేలిగ్గా చేతులు ఆనించి, ఇష్టం లేదంటే కాస్త ఎడంగా ఉంచి, మాట్లాడకుండా కూర్చోవడం, అంతే నా పని. జబ్బు నయమవుతుందని ఎవరికీ చెప్పను. డాక్టర్ని మానెయ్యమని అసలే చెప్పను.

చండ్రుగొండ వైపు ఒక ఊరి నుంచి ఫోను మాత్రం మేకపోతు కోసం వచ్చింది.

ఊరి మొదట్లో బండి ఆపి ఇల్లెక్కడని అడగబోయాను. అడగనక్కర్లేదని ముక్కు చెప్పింది. దాని వాసన వెంట వెళితే కళ్లకు గంతలు కట్టుకునైనా చేరుకోవచ్చు. ఇక దాని గడ్డం ఎంత గంభీరమైనదంటే, ఎదురుగా నిలబడి అబద్ధం చెప్పడానికి పేరున్న వకీలుకైనా నోరు రాదు.

దాన్ని పెంచిన పెద్దావిడే నాకు ఫోను చేసింది; అక్కా అని పిలిచాను. ఆవిడ అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైంది. నోరు తెరవని పిల్లలతో ముద్ద మింగించడంలో ఆవిడ నేర్పు చూస్తే, మొసళ్లకు పళ్లు పీకే డాక్టరైనా వచ్చి దండం పెట్టి పోతాడు. ఆవిడ భర్త బొగ్గు బావిలో పనిచేసేవాడు. ఆయన పోయాక, ఏడాది తిరిగేసరికి జరిగే మొదటి జ్ఞాపకార్థ కూడికలో చర్చివాళ్లందరికీ భోజనం పెట్టాలని ఒక మేకపిల్లను కొని మేపింది. ఇంట్లో పలికే తోడు లేని ఆ ఏడాదంతా దానితోనే మాట్లాడింది. తీరా కూడిక రోజు కత్తి పట్టుకొచ్చిన మరిదిని వాకిట్లోంచే వెనక్కి పంపి, వచ్చిన జనానికి కోడిగుడ్ల పులుసు వండింది. అది జరిగి పదేళ్లు దాటింది. మరిది మాత్రం ఇంకా ఆ భోజనాల పంక్తిలోంచి లేవలేదు. నేను బండి దిగానో లేదో మొదలుపెట్టాడు.

"సారూ, మా అన్న కూడికకు ఈమె మాకేం పెట్టిందో ఎరికేనా? గుడ్డు. మనిషికొక్కటి. మేమేమన్న అంగన్‌వాడీ పిలగాండ్లమా?"

"నీకు రెండు పెట్టిన. రెండోది జేబులేసుకున్నవ్," అంది అక్క కొట్టంలోంచి.

మేకపోతు గోనెసంచుల మీద పక్కకు ఒరిగి పడుకుని ఉంది. ముందురోజే పశువుల డాక్టర్ వచ్చి చూశాడట. నొప్పి తెలియకుండా సూది వేసి, వయసైపోయిందని చెప్పాడట. మింగలేకపోతోంది కాబట్టి బలవంతంగా ఏమీ పట్టొద్దని, పట్టిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని మరీ మరీ చెప్పి వెళ్లాడట. అక్క చేతిలో గంజి సీసా ఉంది.

"తమ్ముడూ, వచ్చే నెల ఆయన ఈ ఏటి కూడిక. గప్పటిదాక దీన్ని ఉంచు. తర్వాత దేవుని చిత్తం."

నాలాంటి గొప్పలరాయుడు కూడా ఒక్కోసారి నిజమే చెప్పాల్సి వస్తుంది. "ఉంచే శక్తి నాకు లేదక్కా," అన్నాను.

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినవ్?"

"అది పోయేదాక పక్కన కూసోనీకి. దాని పక్కన, నీ పక్కన."

"పక్కన కూసోనీకి కొత్తగూడెం నుంచి మనిషిని పిలిపియ్యాల్నా? మేం లేమా?" అన్నాడు మరిది.

"ఉన్నరు లే. వచ్చినప్పుడల్లా గుడ్ల ముచ్చటే," అంది అక్క.

రేకీలో మొదట జంతువు అనుమతి అడగాలి. అడిగాను. మేకపోతు ఒక కన్ను తెరిచి, మా ఏడు తరాలనూ పరిశీలించి, మళ్లీ మూసుకుంది. సరేనన్నట్టే అనుకుని దాని భుజం మీద చేతులు ఆనించాను. కింద ఊపిరి గతుకుల రోడ్డు మీద ఆటోలా ఎగిరెగిరి పడుతోంది. కాసేపటికి కొంచెం నెమ్మదించింది. అది నా చేతుల చలవా, డాక్టరు సూది చలవా అని ఓటింగు పెడితే, నా ఓటు సూదికే.

ఇన్ని చావుల పక్కన కూర్చున్నాక నాకు అర్థమైంది ఒకటే. పోయే జీవికి మనకంటే నిబ్బరం ఎక్కువ.

అక్క ముందుకు వంగింది. "తాగు బంగారం. రెండు గుక్కలు." మేకపోతు మొహం అటు తిప్పింది. ఆవిడ సీసా కూడా అటే తిప్పింది. గంజి గడ్డంలోకి కారింది. దానికి దగ్గు వచ్చింది.

"అక్కా, సీసా కింద పెట్టు. చెయ్యి ఇక్కడ పెట్టు."

"ఊకె చెయ్యి పెట్టి కూసుంటే ఏమొస్తది?"

"ఏం రాదు."

కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ గంజి కారుతున్న ఆ గడ్డం వైపు చూసింది.

"ఆయన గూడ గిట్లనే మొకం తిప్పిండు," అంది. "దవాఖానాల జావ పెడుతుంటే వద్దన్నడు. జరసేపాగి పెడదాం తీయ్ అనుకుని, గిన్నె కడుగనీకి నల్లా కాడికి పోయిన. వచ్చేసరికి లేడు."

మరిది గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. "గిది మాకెన్నడు చెప్పలే గద వదినా."

"మీరెన్నడడిగిండ్రు?"

ఆవిడ సీసా గోడ వారగా పెట్టి, కొంగుతో దాని గడ్డం తుడిచి, మెడ మీద చెయ్యి వేసింది. ఆ చేతికి ఊరికే ఉండటం చేతకాలేదు. పిల్లల్ని నిద్రపుచ్చినట్టు మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. నేను నేర్చుకున్న రేకీలో తట్టడం లేదు. అయినా ఏమీ అనకుండా నా చేతులు తీసేసి, కొంచెం వెనక్కి జరిగి కూర్చున్నాను.

బడి పిల్లలు ఇళ్లకు పోతున్న వేళ మేకపోతు పోయింది. నాకు తెలియలేదు. అక్కకే ముందు తెలిసింది. వంగి దాని చెవిలో, "ఎటూ పోలే. ఈడనే ఉన్న," అంది.

గొయ్యి మరిది తవ్వాడు. సాయం చేస్తానంటే వద్దన్నాడు. తవ్వి తవ్వి భుజాల దాకా దిగిపోయాడు. ఇంకాసేపు వదిలేస్తే బొగ్గు తగిలేది. ముగ్గురం కలిసి గోనెసంచుల్లో చుట్టి దించి, మట్టి కప్పాం. మేకకు ప్రార్థన చెయ్యొచ్చా అని అక్క అడిగింది. పాస్టరయ్యను అడిగి వస్తే చీకటి పడుతుందని మరిదే చెప్పులు విడిచి కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఈ మూగజీవి మా వదినకు ఇన్నొద్దులు తోడుంది," అని మొదలుపెట్టాడు. అక్కడి నుంచి ప్రార్థన ఎలా పోయిందో గాని, అన్న దగ్గరికి చేరింది. బావి నుంచి వచ్చి వాకిట్లో మొహం కడుక్కునే అన్న, తన పెళ్లికి సైకిల్ కొనిచ్చిన అన్న. అన్న పేరు దగ్గరే ఆగిపోయాడు. ఆమెన్ అక్కే చెప్పింది.