ప్రసాద్ బాబు దగ్గు

ప్రసాద్ బాబు మాటెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన మీద కాదు.

తెనాలి వైపు పెళ్లి మేళాల్లో శ్రుతి సన్నాయి పట్టినవాడాయన. పాట వాయించేది పక్కవాడు. ఈయన పని ఒకే స్వరాన్ని తెగకుండా ఊదడం. బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ గంటసేపైనా ఊదేవాడు. భార్య కృపావతి నాతోపాటు మస్కట్‌లో నర్సు. ఆమె వెనకే వచ్చి ఒక హోటల్ లాండ్రీలో చేరాడు.

ఎనభై ఎనిమిదిలో ఆ హోటల్లో వాయించడానికి ఒక జాజ్ బృందం వచ్చింది. లాండ్రీలో ఈయన సన్నాయి విని, వాళ్ల నాయకుడైన సాక్సఫోన్ దొర రికార్డింగుకి కూర్చోబెట్టాడు. ఆ పూట ప్రసాద్ బాబుకి జ్వరం, ఒళ్లు కాలిపోతోంది. కృపావతి వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. నడుమ దగ్గొచ్చింది. స్వరం జారింది. అయినా లేవలేదు. మేళంలో శ్రుతివాడు మధ్యలో లేవకూడదు, ఆయనకు తెలిసిన మర్యాద అదే. జారిన స్వరాన్ని తెగనివ్వకుండా మళ్లీ పైకి పట్టుకొచ్చాడు.

‘ఒకే ఊపిరి’ అని ఇంగ్లీషులో పేరు పెట్టి ఆల్బం వదిలారు. కొత్త తోవ తొక్కిన జాజ్ అని లోకమంతా మెచ్చుకుంది, ఎక్కడెక్కడివాళ్లో అలా వాయించడం మొదలుపెట్టారు. మరి ఆ ఊపిరి ఎవరిది? మనిషిది కాదు, స్వరం పలికించే యంత్రానిదని చెప్పుకున్నాడు దొర, సిగ్గులేకుండా. పైగా ఆ జారుడు తన గొప్ప ఊహేనట. ఊదింది నేనని ప్రసాద్ బాబు అంటే లాండ్రీలో తోటివాళ్లే నవ్వారు. తర్వాత ఆయన సన్నాయి ముట్టలేదు.

తొంభై ఏడులో బృందం అదే హోటల్‌కి మళ్లీ వచ్చింది. జనం ముందు ఒక్కసారి తన పేరు చెప్పమని ప్రసాద్ బాబు వెళ్లి అడిగాడు. యంత్రం తెచ్చుకున్నాం, నీకా శ్రమ లేదులే అని దొర భుజం తట్టి పంపించాడట.

ఆ సాయంత్రం మేం ముగ్గురం హాలు వెనక నిలబడ్డాం. యంత్రం మొదలైంది. కాసేపటికి స్వరం జారి, మళ్లీ లేచింది. జనం చప్పట్లు కొట్టారు. దొంగ వెధవలు, ఆనాడు ఆయన ఊదినదాన్నే యంత్రంలో పెట్టి తిప్పుతున్నారు.

కృపావతి ఎప్పుడూ గొంతెత్తే మనిషి కాదు. సరాసరి వేదిక ముందుకి వెళ్లింది.

“ఆ దగ్గు మా ఆయనది,” అంది ఇంగ్లీషులో. “ఆ పూట ఛాతీకి మందు రాసింది నేను. అదిగో, వెనక నిలబడ్డాడు.”

దొర మొహం మాడిపోయింది. యంత్రం ఆపేశాడు. అది ఆగేసరికి మిగతావాళ్ల వాయిద్యాలూ ఒక్కొక్కటే ఆగిపోయాయి. జనమంతా వెనక్కి తిరిగారు. వేదిక మీదికి రమ్మని దొర ప్రసాద్ బాబుకి చెయ్యి ఊపాడు.

మధ్యలో లేవకూడదన్న మనిషి తలుపు వైపు తిరిగాడు.

“నాకు డ్యూటీ టైమైంది, సూసనమ్మా,” అన్నాడు నాతో. “కృపని తీసుకొచ్చెయ్.”