వదినగారి కారుకి మీగడ రంగు

ఇవాళ పొద్దున నేను పనిచేసే క్లినిక్ లిఫ్టులో ఒక మలయాళీ నర్సు నా మోచేతి వంక చూసి, సున్నం అంటుకున్నట్టుందని రుమాలు తీసి ఇచ్చింది. సున్నం కాదది. మా కారు తలుపు లోపలివైపు వేసిన మీగడ రంగు. ఎండాకాలం వచ్చిందంటే చాలు, కువైట్ ఎండకి ప్లాస్టిక్కు మీది రంగు పొలుసులు పొలుసులుగా లేచి, చెయ్యి ఆనించిన వాళ్ళకల్లా అంటుకుంటుంది. మా ఆయన ఏటా "ఈసారి ఇంకొక్క పూత వేసేస్తానే" అంటారు. "మీ పూతలకో దండం మహానుభావా" అని నేనంటాను. కానీ ఆ పెచ్చు చేతి మీద కనబడిందంటే ఆ రోజంతా నాకు కాలు ఒకచోట నిలవదు. ఇవాళా అంతే. కౌంటర్లో కూచోలేక లేచి, లేచి ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ కూచుని, పిలవాల్సిన పేషెంటుని వదిలేసి పక్కవాణ్ణి పిలిచి తిట్లు తిన్నాను.

ఆ కారు మొదట మాది కాదు. సాల్మియాలో మా కింద ఫ్లాట్లో ఉండే అన్నయ్యగారిది. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళదీ కోనసీమే, మాదీ కోనసీమే. మెట్ల మీద మొదటిసారి కనబడినప్పుడు ఆయన భార్య నా చేతిలో కూరల సంచీ చూసి, "ఏ ఊరమ్మా మీది? కంద కొన్నావంటే మనవైపు దానివే అయ్యుంటావు" అంది. ఆ పూటే ఆవిడ వదినైపోయింది, ఆయన అన్నయ్యగారైపోయారు, మా ఆయనకి ఆవిడ అక్కయ్యగారు. శుక్రవారం సెలవు కాబట్టి నలుగురం వాళ్ళ కారులో ఫహాహీల్ బజారుకి పోయేవాళ్ళం. వెనక సీట్లో మేమిద్దరం, ముందు సీట్లో వదిన. నా పెళ్ళి నాటికే కువైట్ లైసెన్సున్న మనిషికి ఆవిడ దారి పొడుగునా డ్రైవింగ్ నేర్పుతుండేది. "ఎర్రదీపం పడిందండీ... ఆయ్, మిమ్మల్నే!" ఆయన మాత్రం "పడిందిలే, చూశాను" అంటూ నవ్వేవారు. ఆ సంసారం చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది.

ఒకరోజు అన్నయ్యగారు డ్యూటీకి వెళ్ళి మళ్ళీ రాలేదు. గుండె ఆగిపోయిందన్నారు. వదిన ఆయన్ని తీసుకుని ఊరెళ్ళింది. సామాను సర్దుకోవడానికని మళ్ళీ ఒక్కసారి వచ్చింది, బోసి నుదుటితో. నేను ఆ మొహం చూడలేక గిన్నెలు కట్టే వంకతో వంటింట్లో దూరాను. వెళ్ళేముందు కారు తాళాలు మా ఆయన చేతిలో పెట్టి, "పరాయివాళ్ళు దీంట్లో తిరుగుతున్నారంటే నేను తట్టుకోలేను తమ్ముడూ. నువ్వుంచుకో" అంది. కాదనగలిగే మాటా అది? కాగితాలు మా పేరు మీదికి మారాయి. కారు మాదైంది.

నేను మాత్రం ఎక్కలేదు. ముందు తలుపు తీయగానే ఆ బూడిద రంగు ప్లాస్టిక్కు, ఆ సీటు, ఆవిడ మోచెయ్యి ఆనించి ఆనించి నున్నబడిన చోటు. భయమేసింది, దాచుకోవడం దేనికి? ఆ సీట్లో కూచుంటే నా మెడలో పుస్తెలకీ ఏదో అవుతుందని భయం. ఆ భయం వెనకాలే సిగ్గు. అంత ప్రేమగా చూసిన మనిషి కూచున్న చోటుని పట్టుకుని అపశకునం అనుకుంటున్నానే అని. "వెనకాల కూచో పోనీ" అన్నారు మా ఆయన. "మీరేమన్నా నా డ్రైవరా?" అన్నాను. నిజానికి వెనక కూచుంటే ముందున్న ఖాళీ సీటే కళ్ళెదురుగా ఉంటుంది. అదింకా ఘోరం.

అలా నేను ఫహాహీల్లో ఉన్న క్లినిక్‌కి బస్సులో పోవడం మొదలెట్టాను. మా ఆయన డ్యూటీ కూడా అటువైపే. మనిషి మంచితనానికీ చాదస్తానికీ మధ్య గోడ ఉండదంటే నమ్మండి, ఆయన ఖాళీ కారు వేసుకుని రోజూ నా బస్సు వెనకాలే వచ్చేవారు! బస్సు ఆగితే ఆయనా ఆగేవారు. వెనకాల బళ్ళవాళ్ళు హారన్లు కొట్టి చంపేసేవాళ్ళు. ఒకరోజు పక్క సీట్లో ఫిలిప్పీన్స్ అమ్మాయి భయంగా, "ఆ కారు రోజూ మన వెంట పడుతోంది, పోలీసులకి చెబుదామా?" అనడిగింది. "వద్దమ్మా, ఆయన నా మొగుడు" అన్నాను. ఆ పిల్ల నా వంక చూసిన చూపు ఇంకా గుర్తే. ఇంట్లో అయితే ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగేవారు. టీవీ పెట్టేవారు, తీసేసేవారు, బాల్కనీలోకి వెళ్ళి కిందున్న కారుని చూసి వచ్చేవారు. నేనూ తక్కువ తినలేదు. తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచేదాన్ని.

చివరికి ఒకనాడు వంటింటి గుమ్మంలో నిలబడి, "పోనీ లోపల రంగు మార్చేస్తే ఎక్కుతావా? ఏ రంగు కావాలో చెప్పు" అన్నారు. ప్లాస్టిక్కుకి రంగేమిటో, అది నిలుస్తుందో లేదో నాకేం తెలుసు? ఆ వేళకి పాల మీద మీగడ తీస్తున్నాను. విసుగులో "మీగడ రంగు" అనేశాను. అంతే, ఆ మనిషికి పని దొరికింది. ఫోనులో వీడియోలు చూసి, తలుపుల లోపలి ప్లాస్టిక్కు పలకలూ, గేరు చుట్టూ ఉండే పట్టీలూ, ముందు సీటుకి ఎదురుగా ఉండే అర మూతా విప్పారు. గీతలు పడకూడదని విప్పడానికి నా చెక్క అట్లకాడ వాడారు. అది మళ్ళీ వంటకి పనికొస్తేనా! గిన్నెలు తోమే సబ్బుతో కడిగారు, గరుకు కాగితంతో రుద్దారు, స్పిరిటుతో తుడిచారు. కానీ రంగు చల్లబోతే, కింద పార్కింగులో కుదరదని బిల్డింగు కాపలా చూసే హారిస్ వచ్చి అరిచాడు. దాంతో విప్పినవన్నీ నా పాత చీరలో మూటకట్టి, శుక్రవారం ఊరి బయట ఎడారిలో ఉండే కబ్ద్‌కి బయల్దేరారు. అక్కడొక తోటలో గొర్రెలు కాసే రాజంపేట తమ్ముడు మా ఆయనకి స్నేహితుడు. అతను తెచ్చిన పికప్‌లో నేనూ వెళ్ళాను. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక.

"ఏం న్నా, ఇండ్లకు రంగేసేది జూసినా గానీ, కారు కడుపులో రంగేసేది ఇదే జూడ్డం" అని నవ్వాడు రాజంపేట తమ్ముడు. మొదటి పూత ఆరుతుండగానే గాలి లేచింది. "యల్లా న్నా, బిరబిరా మూసిపెట్టు, ఇసుక పడ్తాది!" అని అతను పరిగెత్తుకొచ్చేలోపే సగం పలకల మీద ఎడారి అతుక్కుపోయింది. మిగతా సగంలో ఒకదాన్ని గొర్రె నాకింది. మళ్ళీ రుద్దడం, మళ్ళీ చల్లడం. సాయంత్రానికి అన్నీ నున్నగా వచ్చాయి, అర మూత తప్ప. దాని నడిమధ్యన రూపాయి బిళ్ళంత చోట రంగు నిలవడం లేదు. చల్లగానే చుట్టూ జరిగిపోయి మధ్యలో పాత బూడిద రంగు తేలుతోంది. మా ఆయన తుడిచారు, రుద్దారు, మళ్ళీ చల్లారు. మళ్ళీ అదే గుండ్రం. "ఇదేం మాయరోగమే?" అన్నారు. నాకు అప్పుడు తట్టింది. వదిన ప్రతి శుక్రవారం ఆ మూత మీదే కారుకి బొట్టు పెట్టేది. పొడి కుంకుమైతే ఏసీ గాలికి రాలిపోతోందని కొబ్బరినూనెలో కలిపి పెట్టేది. అన్నేళ్ళ నూనె, ఈ దేశపు ఎండకి ప్లాస్టిక్కులోకి ఇంకిపోయింది. ఆవిడ నుదుట లేని బొట్టు ఇక్కడ చెరగనంటోంది. నేను ఇసుకలో కూలబడి ఏడ్చాను. మా ఆయన ఇంక రుద్దలేదు. రంగు చల్లే గన్ను పక్కన పెట్టేశారు.

అన్నీ బిగించాక కూడా నేను బస్సులోనే వెళ్ళాను. ఆయన మీగడ రంగు కారులో నా వెనకాల.

మరో శుక్రవారం వదిన వీడియో కాల్ చేసింది. మాటల్లో "కారెలా ఉంది తమ్ముడూ?" అంది. మా ఆయన సంబరంగా "చూద్దురుగాని రండి" అని ఫోను పట్టుకుని కిందికి పరుగు. వద్దు వద్దని నేను వెనకాల పరుగు. ఆవిడ గుర్తులన్నీ చెరిపేశామని తెలిస్తే ఏమనుకుంటుంది? ఆయన తలుపు తీసి ఫోను లోపలికి పెట్టేశారు. వదిన ఫోనుకి మొహం దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత మెల్లిగా, "మంచి పని చేశావు. ఆ బూడిద రంగు నాకెన్నడూ పడలేదు. మార్పించండని మీ బావగారి ప్రాణం తీసేదాన్ని. వచ్చే సెలవుల్లో, వచ్చే సెలవుల్లో అనేవారు" అంది. "మరి అక్కడేంటి, రంగు వెయ్యలేదూ?"

"మీ బొట్టండీ అక్కయ్యగారూ. ఎన్నిసార్లు వేసినా పట్టట్లేదు."

వదిన నవ్వింది. ఆయన పోయాక ఆవిడ నవ్వు వినడం అదే మొదలు. "అమ్మాయి దర్జాగా కూచుంటోందా?" అంది. మా ఆయనకి అబద్ధం ఆడటం రాదు. "లేదండీ, బస్సులో పోతోంది. నేను బస్సు వెనకాల పోతున్నాను" అనేశారు.

"ఫోను దానికియ్యి" అంది వదిన. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "ఏమే, నా సీట్లో కూచోడానికి భయమా?" అని అడిగేసింది. నేను తలూపాను. కోప్పడుతుందనుకున్నాను. "నాకు పక్క సీటు ఖాళీ అయిపోయింది. అదెలా ఉంటుందో నాకు తెలుసు. నీ పక్కన మనిషి నిక్షేపంలా ఉండగా నువ్వు ఖాళీ సీటు తిప్పిస్తున్నావంటే నిన్నేమనాలి పిచ్చిమొహమా? ఎక్కు. నే చూస్తుండగా ఎక్కు."

ఎక్కాను. "తలుపు వేసుకో. అతన్ని పోనియ్యమను. ఫోను ముందు అద్దం వైపు తిప్పి పట్టుకో, నేనూ వస్తాను కాసేపు" అంది. సముద్రం ఒడ్డు రోడ్డు మీద మా ఆయన పోనిస్తుంటే నేను చెయ్యి నొప్పెడుతున్నా ఫోను దించలేదు. ఒక సిగ్నల్ దగ్గర వదిన అలవాటుగా, "ఎర్రదీపం పడిందండీ" అంది. అని, ఎవరితో అన్నానా అని ఆగిపోయింది. మా ఆయన బ్రేకు వేసి, "పడిందండీ, చూశాను" అన్నారు. అటువైపు ఫోను పక్కన పెట్టేసిన చప్పుడైంది. దీపం ఆకుపచ్చగా మారింది. మాకు అటు ఇంటి కప్పే కనబడుతోంది. నేను ఫోను పట్టుకునే ఉన్నాను.

అప్పట్నుంచీ ఆ సీటు నాదే. ఎన్నాళ్ళు నాదో నేనడగను. అడిగినా కాలం చెప్పదు.