పసుప్పచ్చ చెంగు ముక్క

భాగ్యలక్ష్మి టీచరుకు కుళ్ళు ఎక్కువ. నా మాట నమ్మకపోతే బోధన్‌లో మా వీధికి వచ్చి ఎవరినైనా అడగండి. అంగన్‌వాడీ తెరిచిన నాటి నుంచీ ఆమే టీచరు. మా వీధిలో ఆమె ఒళ్ళో నిద్రపోకుండా పెరిగిన పిల్లలు లేరు. అలాంటిది, ఈ ఏడు సరిగ్గా ఎదురుగా ప్లేస్కూల్ ఒకటి వెలిసింది. దానికి టీచరు శృతి, నిజామాబాద్ నుంచి వచ్చిన చిన్నపిల్ల.

శృతి నవ్వితే భాగ్యలక్ష్మికి ఒళ్ళు మండేది. ఆ గోడల మీది ఏనుగు బొమ్మలు చూస్తే మండేది. చెరకు ట్రాక్టర్లు లేపే దుమ్ము కూడా ఆ స్కూల్లోకి పోకుండా తన గదిలోకే వస్తోందని తిట్టుకునేది.

అవన్నీ ఒక ఎత్తు, వేణు వెళ్ళిపోవడం ఒక ఎత్తు. రమ్య కొడుకు వేణుకు మూడేళ్ళు. మధ్యాహ్నం గుడ్డూ అన్నం తిన్నాక టీచరు కొంగు పిడికిట్లో ఉంటే గాని వాడికి నిద్ర పట్టేది కాదు. పాపం, ఆమె చూసుకోవాల్సిన మిగతా పిల్లలు లేరా? అందుకని పాత పసుప్పచ్చ చీర చెంగు కత్తిరించి, అంచులు కుట్టి వాడికిచ్చింది. అది చెంపకు ఆనించుకుని పడుకునేవాడు. ఇంట్లో తల్లి పక్కనే పడుకుంటాడు గనుక రమ్యకు ఈ సంగతి తెలియదు. వాణ్ణి ఎదురు స్కూల్లో వేసిన రోజు, భాగ్యలక్ష్మి ఆ ముక్కను అలమారాలో పెట్టి తలుపు వేసేసింది.

వారం తిరక్కుండానే శృతి రోడ్డు దాటి వచ్చింది.

"అక్కా, వేణు పగటీలి పండుకుంటలేడు. ఏడ్సి ఏడ్సి కక్కుకుంటుండు. మీ దగ్గర ఎట్ల పండుకునేటోడు?"

"మా దగ్గరనా? పక్కేస్తె పండుకునేటోడు. గంతే."

అలమారా ఆమె వెనకే ఉంది. శృతి తల దించుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమంతా భాగ్యలక్ష్మికి పండగే.

మర్నాడు మధ్యాహ్నం స్కూలు వాళ్ళు ఫోన్ చేస్తే రమ్య పరుగున వచ్చి, ముందు ఇటే తిరిగింది.

"టీచర్, గా పిల్లకు పోరగాళ్ళను సూసుకునుడు అస్తదా? మీరే చెప్పుండ్రి. రాదంటె ఇయ్యాల్నే తీస్కొచ్చి మీ దగ్గరేస్త."

కోరి మొక్కుకున్నా ఇంత మంచి గడియ రాదు. "రాదు" అంటే చాలు, వాడు మళ్ళీ తన ఒళ్ళో ఉంటాడు. లోపల పప్పు తిప్పుతున్న ఆయమ్మ లింగవ్వ కూడా గరిటె ఆపి వింటోంది. అప్పుడే ఎదురుగా వేణు ఏడుపు వినిపించింది. గొంతు బొంగురుపోయింది. అది మారాం చేసే ఏడుపు కాదని ఆమెకు తెలుసు. ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు, చెంగు అలవాటు కాకముందు, వాడు అలాగే ఏడ్చాడు.

"ఆ పిల్లకు మంచిగనే అస్తది," అంది భాగ్యలక్ష్మి. "నేనే ఒక ముచ్చట చెప్పలే."

అలమారా తెరిచి, ముక్క తీసుకుని, ట్రాక్టరుకు అడ్డంపడి రోడ్డు దాటింది. పలకరింపు కూడా లేకుండా శృతి చేతిలో పెట్టింది.

"చెంపకు పెట్టు. జో కొట్టకు, వీపు నిమురు. పండుకున్నంక చేతులకెల్లి గుంజకు."

కాసేపటికి ఏడుపు ఆగిపోయింది. ఆ ఏడుపు కంటే ఈ నిశ్శబ్దమే ఆమెకు ఎక్కువ మంటగా ఉంది.

"గుడ్డ ఇయ్యకుంటె మన దగ్గరికే వస్తుండె గద టీచరమ్మా?" అంది లింగవ్వ.

"వస్తుండె. ఏడ్సుకుంట వస్తుండె. నువ్వు పప్పు సూడు."

చెరకు సీజను అయిపోయే రోజుల్లో శృతి మళ్ళీ వచ్చింది. చెంగు ముక్కను ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి తెచ్చింది.

"ఇగ దీంతోని అవుసరం లేదక్కా. నా చున్నీ పట్టుకొని పండుకుంటుండు."

"మంచిగయింది బిడ్డా," అంది భాగ్యలక్ష్మి. మంచిదే అయిందని ఆమెకూ తెలుసు.

శృతి వెళ్ళాక ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు.

"చున్నీ అంట, చున్నీ!" అని లింగవ్వ మీద అరిచి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.