నేను రాసిన పదిరోజుల పాఠం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో ఒక పత్తి మిల్లులో సూపర్‌వైజరుగా చేరిన రెండో ఏడు, కొత్తగా వచ్చే ఆడకూలీలకు పని నేర్పడానికి ఒక పద్ధతి రాసిపెట్టమన్నాడు యజమాని. అంతకుముందు పద్ధతంటూ ఏమీ లేదు. వచ్చినవాళ్లు నెలరోజులు పత్తి మోస్తూ, మిషన్ల దగ్గర పాతవాళ్లను చూసి నేర్చుకునేవాళ్లు. నాకది మోటుగా కనిపించింది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదివిన గీర మరి! నెలను పది రోజులకు కుదించి, ఏ రోజు ఏది నేర్పాలో, ఎవరు నేర్పాలో గీతలు కొట్టి మరీ రాశాను.

నేర్పేవాళ్ల విషయంలో నా తెలివి ఇంకా ముదిరింది. సొంతమనిషైతే బెరుకుండదని, ఎవరి బంధువుల దగ్గర వాళ్లను పెట్టాను. అలా ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఒక అమ్మాయిని ఆమె మొగుడి అన్న దగ్గర పెట్టాను. మా పెదనాయన ఎదుట మా అమ్మ గొంతెత్తగా నేనెన్నడూ వినలేదు. అయినా కాగితం రాసేటప్పుడు ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు.

అతను మొహం అటు తిప్పుకుని చెప్పేవాడు. ఆమె తలమీద కొంగు కప్పుకుని మూడడుగుల వెనక నిలబడేది. ఆ మిషన్ల మోతలో ఏం వినబడి ఉంటుంది? పదో రోజు నేను పోయి, "అంతా వచ్చిందా అమ్మా?" అని అడిగాను. ఆమె తల ఊపింది.

"వచ్చినట్టేలే అయ్యా, చేస్తాంది గదా" అన్నాడు బావ. నేను టిక్కు పెట్టేశాను.

ఆ తర్వాత నాలుగో నాడు కొంగు జారి బెల్టులో చిక్కింది. మిషన్ ఆపకుండానే ఆమె కొంగు లాక్కోబోయింది. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

యజమాని పిలిపిస్తే నా కాగితమే చూపించాను. "అన్నీ నేర్పించాం, ఆమే అజాగ్రత్తగా ఉంది" అన్నాను. ఎంత సులువుగా అనేశానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆమెను పనిలోంచి తీసేశారు.

రెండు వారాలు నాకు అన్నం సయించలేదు. చివరకు ఆమె బావను వెంటబెట్టుకుని బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను. తప్పు నాదని చెప్పాలనే పోయాను. ఆమె తలుపు చాటున నిలబడింది. బావ ఉన్నంతసేపూ ఆమె పలకలేదు, నేను వానల సంగతి మాట్లాడుతూ కూర్చున్నాను. అతను మజ్జిగ తెస్తానని పక్కింటికి పోయాడు. అప్పుడు మాట్లాడింది. ఆమె గొంతు నేను వినడం అదే మొదటిసారి.

"అయ్యా, మీరు అంతా వచ్చిందా అన్న పొద్దే అడగల్లనుకుంటి. కొంగు చిక్కుకుంటే ఆ మిషను యాడ ఆపల్ల?"

"నీ ఎడంపక్కనే ఒక కట్టె ఉంటాది అమ్మా. దాన్ని కిందికి లాగితే సాలు, నిలిచిపోతాది" అన్నాను.

ఆ మాట చెప్పడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.