సంతకం అతనిది, టిక్కు నాది

ఐదేళ్లుగా ఒక చిన్న టిక్కు గుర్తు నా గుండెల మీద కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యం నాకు ఎన్నడూ లేదు.

నేను నెల్లితోపులో ఉంటాను. హెల్త్ ఇన్సూరెన్సు ఏజెంటుని. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది నేనే. పెళ్లయి విల్లియనూరులో కాపురం పెట్టింది. దాని కూతురికి అప్పుడు మూడేళ్లు. పసిపిల్లకు ఇన్సూరెన్సు ఎందుకు, ప్రభుత్వాసుపత్రి ఉంది కదా అని దాని మొగుడు, నా మరిది, ఆరు నెలలు వెనకాడాడు. వదలకుండా వెంటపడింది నేను. కన్నబిడ్డ దగ్గర పిసినారితనమేమిటని చెల్లెలి ముందే దెప్పాను. చివరికి ఒప్పుకున్నాడు.

ఒక పొద్దున డ్యూటీకి వెళ్తూ మా ఇంటి ముందు బండి ఆపాడు. నేనిచ్చిన పాలసీ ఫారాన్ని సీటు మీద పరిచి అడిగాడు.

“వదినా, పాపకి వీజింగు, అదే ఆ పిల్లికూతల ఆయాసం, వస్తా ఉండాది గదా. అది రాయాల్నా?”

“చలికి రెండు తూర్లు వస్తే అది రోగమా ఏంది? రాస్తే ఫైలు తిప్పి పంపిస్తారు. నువ్వు సంతకం పెట్టి పో, మిగతాది నేను చూసుకుంటా.”

“సరే వదినా. నీకు తెలీందా.”

ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు. పాత జబ్బులేమైనా ఉన్నాయా అన్నచోట ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టింది నేను. ఎందుకు పెట్టాను? పాప మేలు కోరా? ఛీ. అది నెలాఖరు. ఇంకొక్క పాలసీ చేస్తే నా టార్గెట్ పూర్తవుతుంది. జబ్బు రాస్తే ఫైలు తిరిగొచ్చేసరికి నెల దాటిపోతుంది. ఉన్నదున్నట్టు రాసుంటే మహా అయితే ఆ ఒక్క జబ్బు ఖర్చుకు కొన్నేళ్లు ఆగమనేవాళ్లు, అంతే, ఆ సంగతి నాకు తెలియక కాదు.

మరుసటేడు వానల్లో పాపకు ఊపిరందలేదు. ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు కంపెనీ జవాబు వచ్చింది. పాత జబ్బు దాచారు కాబట్టి ఏమీ ఇవ్వమన్నారు. ఆక్సిజన్ పెట్టిన పిల్లను ఆ రోజే అంబులెన్సులో కదిర్కామం ప్రభుత్వాసుపత్రికి మార్చాం. దారి పొడవునా దాని పెదాలు నీలంగా ఉన్నాయి. బతికింది. ఇప్పుడు మూడో తరగతి.

ఆసుపత్రి వరండాలో చెల్లెలు అడిగింది. “అక్కా, వీజింగు సంగతి ఈయన నీకు చెప్పలేదా?” మరిది పక్కనే ఉన్నాడు. “చెప్పుంటే రాయకుండా ఉంటానా?” అన్నాను. నాలుక తడబడనైనా లేదు. అతను నా వైపు ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు.

ఎందుకు అనలేదు? తల్లి లేనిదానికి అక్క కూడా లేకుండా పోతుందనా? నాలుగు తిట్టి ఉంటే ఈపాటికి నా పీడ వదిలేది. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా మీద నాకు అంతకంటే ఎక్కువ మండుతుంది. పాపకు జలుబు చేసినా చెల్లెలు అతనితో డాక్టరు దగ్గరికి పంపదు. బిడ్డ రోగం దాచినోడివి అంటుంది, నా ముందే. నేను కాఫీ తాగుతూ వింటాను.

ఇది తమిళుల ఊరు, చెల్లెలు తమిళంలోనే చదువుకుంది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. అమ్మ నాకు అక్షరాలు నేర్పింది, దానికి నేర్పకముందే పోయింది. నేనూ నేర్పలేదు. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. చూశారా నా బుద్ధి? ఒప్పుకోవడంలోనూ దొంగదారే.

కానీ మరిది నెల్లూరు వైపువాడు. ఆ ఇంట్లో తెలుగు చదివేది అతనొక్కడే. ఇది ఎక్కడైనా అచ్చయి కంటపడితే నాలుగు వాక్యాల్లో గుర్తుపడతాడు. ఈసారి కూడా నోరు మెదపడేమో. అలా జరిగితే ఆ తప్పూ నాదే.

అయినా ఐదేళ్లకు ఈ మాట నా చేతిరాతలో కనిపిస్తోంది. అతను చెప్పాడు. నేను రాయలేదు.