నేను కొట్టి చూపించని చప్పుడు

మా వదిన పోయింది. పోయిన సోమవారం పొద్దున గుంత మగ్గంలో కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. ఆటో వచ్చేలోపే అయిపోయింది.

ఆమె నా భర్తకు అక్క. చిన్నప్పుడు గుండెలో రంధ్రం ఉంటే ఆపరేషన్ చేసి మూశారు. ఆ కారణంగానే పెళ్ళికి ఎవరూ ముందుకు రాలేదు. అందుకామె ఏడవడం నేను చూడలేదు. ఎవరు పలకరించినా తల వంచుకునే నన్ను చూసి మాత్రం నవ్వేది. "నాకు గుండెకే కుట్లేసినారు. నీకు నోటికేసినట్లుండారే అమ్మీ!"

తెగిన పోగుకు ముడి వేయడం నాకు నేర్పింది ఆమే.

రెండేళ్ళుగా ఆమె గుండె ఉన్నట్టుండి పరుగెత్తేది. బస్సెక్కి కర్నూలు చేరేసరికి నెమ్మదించేది. ఈసీజీలో ఏమీ పడేది కాదు. పాత కుట్టు పక్కన ఎక్కడో ఈ దడ పుడుతోందని, ఆ చోటు దొరికితే సన్నని తీగ లోపలికి పంపి కాల్చేయొచ్చని డాక్టరు చెప్పాడు. వదినకు వెంటనే అర్థమైంది. "పోగు యాడ తెగిందో దొరికితే గదా ముడేసేది," అంది.

అప్పటి నుంచి దడ వచ్చినప్పుడల్లా నా వేళ్ళు తన మణికట్టు మీద పెట్టుకునేది. "బాగా పట్టుకో. నేను పడిపోతే డాక్టరుకు నువ్వే కొట్టి చూపించల్ల." మగ్గం చెక్క మీద నాతో కొట్టించేది. టకటకటక, ఒకటి తప్పి, మళ్ళీ టకటకటక. నేను తడబడితే, "అది నా గుండె గాదు, మీ ఆయన బండి," అనేది.

పోయిన నెల వంటింట్లో పడిపోయింది. అప్పుడు దగ్గరున్నది, మణికట్టు పట్టుకుని చూసింది నేనొక్కదాన్నే. ఆసుపత్రిలో వదిన మగతగా పడుకుని ఉంది. డాక్టరు కొత్తవాడు, చుట్టూ అందరూ మగవాళ్ళు.

"పడిపోయే ముందు గుండె ఎట్లా కొట్టుకుంది? వేలితో కొట్టి చూపించమ్మా."

నా చెయ్యి కొంగులోనే ఉండిపోయింది.

"దానికేం తెల్దు సార్. మా అక్క పొద్దున్నుంచి తినల్యా, కండ్లు తిరిగినాయి," అన్నాడు మా ఆయన.

డాక్టరు నీరసమని రాసుకున్నాడు. ఆ చోటు వెతికే పరీక్షకు వచ్చే నెల రమ్మన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను ఏడుస్తుంటే వదినే నా చెయ్యి పట్టుకుంది. "వచ్చే తూరి చూపిద్దువులే అమ్మీ."

ఆ వచ్చే తూరి రాలేదు. నేను నోరు తెరిచి ఉంటే బతికేదా? ఎవరినడగాలి? అడిగినా ఎవరు చెప్పగలరు?

మగ్గం మీద ఆమె చీర సగంలో ఉంది. దాని ముందు కూర్చుంటే నా వేళ్ళు వాటంతటవే చెక్క మీద కొట్టుకుంటున్నాయి. టకటకటక, ఒకటి తప్పి, మళ్ళీ టకటకటక. ఇప్పుడు ఒక్కసారి కూడా తడబడడం లేదు.