తలా ఒక వాద్యం

మొన్న ఆదివారం మా ఎదురింటి అమ్మాయి వచ్చి నా ఫోను తీసుకుంది. దూరాన శ్రీ సిటీ ఫ్యాక్టరీలో ఉద్యోగం కాబట్టి పగటిపూట మనిషి కనబడేది ఆ ఒక్కరోజే. ఏదో నొక్కి, మీరు ఎప్పుడూ చెప్పే విదేశీ సంగీతం ఇదేనా చూడండి ఆంటీ అంటూ నా చెవుల్లో రెండు తెల్లటి బుడిపెలు దూర్చి, పొయ్యిమీద కూర మాడుతోందని పరుగెత్తింది. అదే సంగీతం. తిరుపతిలో ఈ అపార్ట్‌మెంటు గదిలో ఒక్కదాన్నే కూర్చుని, చెవుల నిండా అంతమంది వాయిస్తూ ఉంటే, పక్కకు తిరిగి ఎవరికి చెప్పుకోవాలో తోచక ఏడుపు వచ్చింది. ఈ వయసులో ఏడవాలన్నా ముందు కళ్ళజోడు తీయాలి, అదొక విసుగు.

మా చిన్నప్పుడు నాయన చిత్తూరులో ఒక మిషన్ ఆస్పత్రి వ్యాను నడిపేవాడు. తన దేశానికి తిరిగి వెళ్ళిపోతూ అక్కడి డాక్టరమ్మ ఒకావిడ తన రికార్డు ప్లేయరునూ, దానితోపాటు ఒకే ఒక్క రికార్డునూ ఆయనకు ఇచ్చిపోయింది. చర్చిలో హార్మోనియం, పెళ్ళిళ్ళలో మేళం తప్ప మా ఇంట్లో ఎవరం ఏమీ ఎరగం. మొదటిసారి ముల్లు పెట్టగానే సంతలో నిలబడ్డట్టు అన్ని శబ్దాలూ ఒక్కసారి మీద పడితే, అమ్మ చెవులు మూసుకుని వంటింట్లోకి పోయింది. మేమూ పోయేవాళ్ళమే గాని నాయన పోనివ్వలేదు. రికార్డు అట్టమీద నల్లకోట్లు వేసుకుని బారులు తీరి కూర్చున్న వాద్యగాళ్ళ ఫోటో ఒకటి ఉండేది. దాన్ని మా ముందు పెట్టి, అన్నీ ఒకేసారి వినడం ఎవరివల్లా కాదు, తలా ఒకరిని ఎంచుకుని ఆ ఒక్కరినే వినండి, తర్వాత ఒకరికొకరు చెప్పుకోండి అన్నాడు.

అక్క సన్నగా, అందంగా ఉన్న పిల్లనగ్రోవి ఆయన్ను పట్టేసింది. తమ్ముడికి వెనక వరసలో పెద్ద డోళ్ళ మధ్య నిలబడ్డాయన. నడిమిదాన్ని కాబట్టి నాకు మిగిలింది మోకాళ్ళ మధ్య పెద్ద ఫిడేలు ఇరికించుకున్న బట్టతలాయన. ఆయన వాద్యం ఎక్కడో అడుగున గొణుగుతూ ఉండేది, ఎంత చెవి రిక్కించినా మిగతావాళ్ళ కింద మునిగిపోయేది. నాకొద్దని నేను మూతి ముడుచుకుంటే నాయన నా తల నిమిరి, “గొణిగేదాన్ని వినేదానికి గూడా ఒకరుండాల గదమ్మా” అన్నాడు. ఆ మాటతో నాకేదో పెద్ద పదవి ఇచ్చినట్టయింది.

ఆదివారం చర్చి అయ్యాక, భోజనాలయ్యాక, చాపమీద కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళం. రికార్డు ఆగాక ఎవరి వాద్యం ఏం చేసిందో వాళ్ళు పాడి చూపించాలి. ఆ రాగాలు విని అమ్మ వంటింట్లో నవ్వుకునేది. ఇంకొక అలవాటు కూడా తెలియకుండానే మొదలైంది. వాళ్ళంతా ఆ పెట్టెలో ఉన్నారని కాదుగాని, మేము ముల్లు పెట్టిన ప్రతిసారీ ఎక్కడో మళ్ళీ కూర్చుని మాకోసం వాయిస్తున్నారనే మా నమ్మకం. అందుకని సాయంత్రం ప్రార్థనలో ముగ్గురం ఎవరి మనిషి కోసం వాళ్ళం ప్రార్థించేవాళ్ళం. మొదటిసారి రికార్డు రెండోవైపు తిప్పినప్పుడు అక్కడ నెమ్మదైన భాగంలో డోలు ఎంతకీ మోగకపోయేసరికి, “ఆయనకి జరమొచ్చినాదేమో నాయనా” అని తమ్ముడు ఒకటే ఏడుపు. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ, అమ్మతో సహా, ఆ మనిషి ఆరోగ్యం కోసం మోకరించాం. మరుసటి ఆదివారం మొదటివైపు పెట్టగానే డోళ్ళు ఉరిమాయి. మా తమ్ముడి ముఖంలో అప్పుడు కనిపించిన వెలుగు నేను తర్వాత ఏ భక్తుడి ముఖంలోనూ చూడలేదు.

నాయన పోయాడు, అమ్మ పోయింది, వడమాలపేటలో కాపురం చేసిన అక్క కూడా పోయింది. పెళ్ళి చేసుకోకుండా ఆస్పత్రుల్లో నర్సుగా బతికేసిన నాకు మిగిలినవాడు పూతలపట్టులో ఉన్న తమ్ముడొక్కడే. వాడికి చెవులు దాదాపు పూర్తిగా పోయాయి. చెవి మిషను పెట్టుకోరా అంటే గీ అని అరుస్తుందని తీసి పారేస్తాడు.

అయినా మనసు ఆగక మర్నాడే బస్సెక్కాను. వాడి పక్కన కూర్చుని, అట్టమీది ఫోటో గుర్తు చేస్తూ గాలిలో డోలు వాయించి చూపించాను. అర్థమై పళ్ళులేని నోటితో నవ్వాడు. ఎదురింటి అమ్మాయి నేర్పినట్టు ఫోనులో ఆ సంగీతం పెట్టి, డోలు వచ్చిన ప్రతిచోటా వాడి మోకాలిమీద చేత్తో కొడుతూ పోయాను. వాడు కళ్ళు మూసుకుని తలాడించాడు. మధ్యలో నా చెయ్యి చాలాసేపు కదలకపోయేసరికి కళ్ళు తెరిచి, “అక్కా, ఆయన ఉండాడా?” అని గట్టిగా అడిగాడు. ఉన్నాడురా అని తలూపి, మళ్ళీ డోలు వచ్చేదాకా వాడి మోకాలిమీద చెయ్యి అలాగే ఉంచాను. వాడి కోడలు కాఫీ తెచ్చి మా ఇద్దరినీ వింతగా చూసి వెళ్ళింది.

తిరుగు బస్సులో గుర్తొచ్చింది, వాడి డోలు కోసం కాచుకుని కూర్చోవడంలో నా పెద్ద ఫిడేలు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో నేను వినలేదని. ఈ కాలంలో ఎవరి చెవుల్లో వాళ్ళకు సంగీతమంతా దిగిపోతోంది, నీకేం వినబడిందని పక్కవాళ్ళను అడగాల్సిన పనిలేదు. నాకూ అంతా స్పష్టంగానే వినిపిస్తోంది. పిల్లనగ్రోవి వస్తే అక్క తరఫున వింటున్నాను, డోలు వస్తే తమ్ముడి తరఫున వింటున్నాను. నేను పోతే నా తరఫున వినేవాళ్ళు లేరు.